48 గంటల షార్ట్ ఫిల్మ్ పోటీ: పోయినేడు 4 నిమిషాలతో లేటయింది, ఈసారి ఏం చెయ్యాలె?

వారాసిగూడ_వేణు:

అన్నలూ అక్కలూ, కొంచెం పెద్ద పోస్ట్, ఛాయ్ పెట్టుకొని చదవండ్రి.

మేం అయిదుగురం, కాలేజ్ దోస్తులం. నలుగురం జాబ్ చేస్తున్నం, ఒకడు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతుండు. మా దగ్గర ఓ చిన్న ఫెస్టివల్ అయితది, దాంట్ల 48 గంటల పోటీ ఉంటది. శుక్రవారం సాయంత్రం 7కి జానర్ చిట్టీ తియ్యాలె, ఒక వస్తువు, ఒక క్యారెక్టర్, ఒక డైలాగ్ వాళ్లే ఇస్తరు, అవి ఫిల్మ్‌ల ఉండాల్సిందే. ఆదివారం సాయంత్రం 7 లోపు ఫైల్ చేతికియ్యాలె. నిడివి 4 నుంచి 7 నిమిషాలు.

పోయినేడు మాకు ఫ్యామిలీ డ్రామా వచ్చింది, వస్తువు గొడుగు. శుక్రవారం రాత్రి కథ మీద కూసుంటే రెండయినా తెగలే, ఒకడు టైమ్ ట్రావెల్ అంటడు, ఇంకొకడు అమ్మ సెంటిమెంట్ అంటడు, మూడోడు యూట్యూబ్‌ల ఏదో కొరియన్ ఫిల్మ్ చూపిస్తడు, నేను మధ్యల మ్యాగీ చేస్తున్న. ఆఖరికి అమ్మ సెంటిమెంటే ఫైనల్. షూట్ శనివారం 6కి అనుకున్నం, 11కి మొదలయింది. రెండు సీన్లు మిగిలితే ఆదివారం పెట్టుకున్నం. ఆ ఆదివారం లష్కర్ బోనాలు. సికింద్రాబాద్‌ల పుట్టి పెరిగినోళ్లం, అయిదుగుర్ల ఒక్కనికి కూడ యాదికి లేదంటే సూడుండ్రి. అమ్మ కొడుకు ఫోటో పట్టుకొని ఏడుస్తుంటది, ఎనకాల గల్లీల తీన్మార్ నడుస్తది. ఎడిటింగ్‌ల ఎంత తిప్పలు పడ్డా పోలే.

అది పోనీ, సాయంత్రం 6:10కి ఎక్స్‌పోర్ట్ కొడితే 87 పర్సెంట్ దగ్గర డిస్క్ ఫుల్ అన్నది. నా పెళ్లి వీడియో డిలీట్ చేసి (పెన్‌డ్రైవ్‌ల ఇంకో కాపీ ఉంది, మా ఆవిడకి మాత్రం చెప్పొద్దు) మళ్లీ కొట్టినం. బండి మీద ఉరికి పోయి ఇచ్చేసరికి 7:04. ఫిల్మ్ అయితే వేసిన్రు గని పోటీల లెక్క పెట్టలే.

ఈసారి ఇంకా మూడు వారాలుంది. అడిగేది ఏందంటే, కెమెరా రెంట్‌కి తెచ్చుకోవాల్నా ఫోన్ సరిపోతదా? కథ తొందరగ ఎట్ల తెగాలె? రెండు రాత్రుల్ల నిద్ర పోవాల్నా వద్దా? ఇదివరకు చేసినోళ్లు చెప్పండ్రి, ప్లీజ్.

కృష్ణానగర్_కెమెరా:

వేణు గారూ, మీ 87 పర్సెంట్ చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదండి. నేను కెమెరా డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌ని, మాది తణుకు దగ్గర, తొమ్మిదేళ్ల నుంచి కృష్ణానగర్‌లోనే ఉంటున్నా.

కెమెరా అద్దెకి తేకండి. అలవాటు లేని కెమెరా చేతికొస్తే మొదటి మూడు గంటలు మెనూ వెతకడానికే పోతాయి, పైగా లెన్స్, బ్యాటరీలు, కార్డులు, వాటికో మనిషి, మళ్లీ సోమవారం పొద్దున్నే తిరిగివ్వాలన్న టెన్షన్ ఒకటి. మీ అయిదుగురిలో ఎవరి ఫోన్ బాగుందో చూసుకుని ఆ ఒక్క ఫోన్‌తోనే మొత్తం తీయండి. రెండు కంపెనీల ఫోన్లు కలిపారో, ఒకదాంట్లో మొహం పసుపు, ఇంకోదాంట్లో గులాబీ, డీఐలో, అంటే చివర్లో రంగులు సరిచేసేటప్పుడు, ప్రాణం పోద్ది.

ఫోన్‌లో ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయండి. ఫ్రేమ్‌రేటు, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు తీయాలన్నది, 25 పెట్టండి, ఐఫోన్ అయితే కెమెరా సెట్టింగ్స్‌లో పాల్ ఫార్మాట్స్ ఆన్ చేస్తేనే ఆ 25 కనపడుద్ది. షటర్ స్పీడ్, అంటే ఒక్కో బొమ్మకి ఎంతసేపు వెలుగు పడాలన్నది, మన చేతిలో ఉండే యాప్ వేసుకుని సెకనులో 1/50 వంతు పెట్టండి. ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటది, మన కంటికి తెలీదు గానీ షటర్ దానికి పొంతన లేకపోతే గోడ మీద నల్ల పట్టీలు పైకి పాకుతుంటాయి. ఒకసారి కిరాణా కొట్టు సీన్ మొత్తం అలా పోగొట్టుకున్నాం, దెయ్యం కథేమో అనుకున్నారు చూసినోళ్లు. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయడం మర్చిపోకండి, లేకపోతే తెల్ల చొక్కా వాడు ఫ్రేమ్‌లోకి రాగానే గది మొత్తం చీకటైపోద్ది.

4కె 60 జోలికి పోకండి. ఐఫోన్‌లో అది నిమిషానికి దగ్గరదగ్గర 400 ఎంబీ తింటది, 1080లో 30 అయితే 60 ఎంబీ. తీసిన ఫుటేజ్ (రషెస్ అంటాం) రెండు గంటలు వేసుకోండి, 48 జీబీ ఎక్కడ, ఏడు జీబీ ఎక్కడ. మీ డిస్క్ ఫుల్ మూలం అక్కడే ఉందని నా అనుమానం.

లైటుకి డబ్బులు తగలేయక్కర్లేదు, రెండు థర్మాకోల్ షీట్లు కొనుక్కోండి. కిటికీ పక్కన ఆర్టిస్టుని కూర్చోబెట్టి రెండోవైపు థర్మాకోల్ పట్టుకుంటే చాలు, పెద్ద సినిమాలక్కూడా అదే చేస్తాం. మేడ మీద మాత్రం 11 నుంచి 3 దాకా తీయొద్దు, కళ్ల కింద నల్లగా గుంటలు పడతాయి, ఆ టైం ఇంట్లో సీన్లకి వాడుకోండి.

షూటింగ్ మొదలుపెట్టే కొబ్బరికాయ శనివారం పొద్దున ఆరింటికి, ముగించే గుమ్మడికాయ అదే రోజు రాత్రి పదింటికి. ఆదివారం షూటింగ్ అన్న మాటే వద్దు, మిగిలిపోయిన చిన్న చిన్న షాట్లు, ప్యాచ్ వర్క్ ఉంటే పొద్దున గంట, అంతే.

నాలుగుపేజీలు:

నేను కథ వైపు చెప్తాను. ఇలాంటి పోటీల్లో నాలుగుసార్లు కూర్చున్నా, అందులో రెండుసార్లు మీలాగే తెల్లవారింది.

ముందు రూల్స్ సరిగ్గా చదవండి. మామూలుగా ఈ పోటీల్లో కథ, డైలాగులు, షూటింగ్, ఎడిటింగ్ అన్నీ ఆ 48 గంటల్లోనే చెయ్యాలి, కానీ మనుషుల్ని, లొకేషన్ని, సామాన్లని ముందే మాట్లాడిపెట్టుకోవచ్చు. మీకున్న మూడు వారాలు దానికే. ఒక కాగితం మీద రాసుకోండి, మనకి అడగ్గానే తాళం ఇచ్చే ఇళ్లు ఏవి, ఆ రోజు ఖాళీగా ఉండే నటులు ఎవరు, ఎవరి దగ్గర ఏం బండి ఉంది, ఎవరి తాతయ్యకి మంచి మొహం ఉంది. చిట్టీ తీశాక ఈ కాగితం చూసి కథ అల్లాలి, కథ అల్లి దానికోసం పోలీస్ స్టేషన్ వెతకడం కాదు. చిట్టీలో థ్రిల్లర్ వస్తే అందరూ గన్ను కోసం పరిగెత్తుతారు. ఫ్రిజ్‌లో రెండు గుడ్లుంటే పొద్దున్నే ఒకటే ఉంది, ఇంట్లో ఉండేది ఒక్కడే, ఇది కూడా థ్రిల్లరే కదా.

రెండోది, రాసేవాళ్లు ఇద్దరే ఉండాలి. మిగతా ముగ్గుర్నీ ఇంటికి పంపించెయ్యండి, బ్యాటరీలు చార్జ్ పెట్టుకుని పడుకోమనండి. అయిదుగురు కూర్చుంటే కథ తెగదు, ఎవరి ఐడియా పోయిందన్న బాధే తెగుతుంది. తొమ్మిదిన్నరకి వన్ లైన్, పన్నెండుకి స్క్రిప్ట్. పన్నెండు దాటితే ఉన్నదాన్నే తీయాలి.

మాకు ఒకసారి వస్తువు తాళంచెవి, జానర్ డ్రామా. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పాడై వారం అయింది, అదే తీసుకున్నాం. రిటైరైన ఒకాయన నాలుగో ఫ్లోర్ దాకా ఎక్కాక తాళంచెవి కింద స్కూటర్‌కే ఉండిపోయిందని గుర్తొస్తుంది. ఎదురింట్లో వాళ్లతో ఆయనకి ఏడాదిగా మాటల్లేవు. దిగి మళ్లీ ఎక్కాలా, వాళ్ల బెల్ కొట్టి కూర్చోవాలా, అంతే కథ. ఇద్దరు నటులు, ఒక మెట్ల దారి, 5 నిమిషాల 20 సెకన్లు. నిజానికి చివర్లో తలుపు తెరిచి నీళ్లిచ్చే సీన్ రాశాం, కానీ ఎదురింటావిడగా వేసిన ఆంటీ మనవరాలి ఫంక్షన్ ఉందని నాలుగింటికే వెళ్లిపోయింది. తలుపు వెనక గడియ తీసిన చప్పుడు మాత్రం పెట్టి కట్ చేశాం. అందరూ ఆ ఎండింగ్ గురించే మెచ్చుకుంటే మేం మొహాలు చూసుకున్నాం.

వాళ్లిచ్చిన వస్తువు ఉంది కదా, దాన్ని టేబుల్ మీద పెట్టి చూపించి వదిలెయ్యకండి, జ్యూరీకి వెంటనే తెలిసిపోతుంది. అది తీసేస్తే కథ నడవకూడదు. ఇంకో మాట, పేజీకి నిమిషం అనే లెక్క ఇంగ్లీష్ స్క్రీన్‌ప్లే ఫార్మాట్‌ది, మనం వాట్సాప్‌లో టైప్ చేసుకునే తెలుగుకి అది పనికిరాదు. పైకి చదువుతూ స్టాప్‌వాచ్ పెట్టుకోండి, మూడున్నర నిమిషాలు వస్తే తెర మీద అయిదు అవుతుంది.

శబ్దం_శైలజ:

తమ్ముడూ, తీన్మార్ సంగతి చదివి నాకు కోపం రాలేదు, ఈర్ష్య వేసింది. లష్కర్ బోనాల రోజు అంత లైవ్ సౌండ్ ఫ్రీగా దొరికితే దాన్ని పోగొట్టాలని చూశారా! అమ్మ ఏడుస్తుంటే బయట ఊరంతా ఎగురుతోంది అని ఒక్క షాట్, కిటికీలోంచి పోతరాజు వెళ్తున్నది, తీసి ముందు కలిపితే ఆ సీన్ ఎక్కడికో పోయేది కదా. చప్పుడు ఎక్కణ్నుంచి వస్తుందో చూపిస్తే జనం ఒప్పుకుంటారు, చూపించకపోతే మిస్టేక్ అంటారు.

సౌండ్ గురించి ఎవరూ అడగరు, ఈ పోస్ట్‌లో కూడా మీరు అడగలేదు చూడండి. బొమ్మ కాస్త డల్‌గా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. నాకు ఇది రవీంద్రభారతిలో తెలిసొచ్చింది. అక్కడ పైడి జైరాజ్ థియేటర్‌లో 2016లో సినివారం అని మొదలుపెట్టారు, శనివారం శనివారం మనలాంటి వాళ్ల షార్ట్ ఫిల్ములు వేసేవాళ్లు. మాదొకటి పడింది. ల్యాప్‌టాప్‌లో వంద సార్లు విన్నదే, ఎక్కడా తేడా లేదు. ఆ హాల్లో వేసేసరికి హీరోయిన్ మాట్లాడిన ప్రతిసారీ వెనక సీలింగ్ ఫ్యాన్ గుయ్యిమంటోంది, ఆమె ఆగితే అదీ ఆగుతోంది, ఎందుకంటే మేం డైలాగ్ ముక్కలు కట్ చేసి మధ్యలో సైలెన్స్ పెట్టాం. నా పక్కన కూర్చున్నాయన పైకి తలెత్తి నిజం ఫ్యాన్ వంక చూశాడు. అప్పుడే భూమిలోకి వెళ్లిపోవాలనిపించింది.

కాబట్టి ప్రతి లొకేషన్‌లో అందరూ నోరు మూసుకుని 30 సెకన్ల ఖాళీ సౌండ్ రికార్డ్ చెయ్యండి, రూమ్ టోన్ అంటాం, డైలాగుల మధ్య గ్యాపుల్లో అదే పరవాలి. ఫ్యాన్ ఆపాలి, చెమట పట్టినా సరే. ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ స్కూటీ తాళం అందులో పెట్టండి, లేకపోతే మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోయి వెళ్లిపోతారు, పెరుగు పులిసిపోయి ఆ ఇంటివాళ్లు ఇంకోసారి గడప తొక్కనివ్వరు. పక్కింటి వాళ్ల బోరు మోటార్ టైమింగ్, కుక్కర్ టైమింగ్, దగ్గర్లో మసీదు ఉంటే అజాన్ టైమింగ్ ముందే కనుక్కోండి.

మైక్ కోసం పెద్దగా ఖర్చు పెట్టొద్దు. కోఠీ గుజరాతీ గల్లీలో వైర్ ఉన్న కాలర్ మైక్ ఒకటి కొనుక్కుని, రెండో ఫోన్‌కి పెట్టి, ఎయిరోప్లేన్ మోడ్‌లో నటుడి జేబులో వెయ్యండి. ప్రతి టేక్ ముందు ఒక చప్పట్లు, తర్వాత బొమ్మనీ సౌండ్‌నీ కలపడానికి, అంటే సింక్ చేసుకోవడానికి. గదిలో మాట మరీ ప్రతిధ్వనిస్తూ మోగుతుంటే కెమెరాకి కనపడని గోడకి రజాయిలు వేలాడదీయండి. డబ్బింగ్ చెప్పేద్దాంలే అనుకుంటారేమో, 48 గంటల్లో పెదాలు కలిపే ఓపిక ఎవరికీ ఉండదు.

ఓల్డ్‌సిటీ_మియా:

సబ్ టెక్నికల్ బాతా. నేనొక్క ముచ్చట చెప్త. షూట్ దినం మధ్యాహ్నం బిర్యానీ తెప్పియ్యకుండ్రి. తిన్నరంటే రెండు గంటలు పోయినట్టే, హీరో కుర్సీల్నే పడుకుంటడు. మా ఫిల్మ్‌ల రెండో సగం అందరి కండ్లు సగమే తెరిచి ఉంటయి, జ్యూరీల ఒకాయన 'నటనలో ఒక నిస్తేజం' అని తారీఫ్ కూడ చేసిండు.

నిద్ర అడిగినవ్ కదా. శుక్రవారం నాలుగు గంటలు, శనివారం ఎడిటర్ తప్ప అందరు పండుకోవాలె, ఆదివారం ఎడిటర్‌కి సలహా చెప్పనీకి మీ ఫ్రెష్ కండ్లు కావాలె. ఈ 48 గంటల కథ 2001ల అమెరికాల వాషింగ్టన్ డీసీల మొదలయింది, మొదలుపెట్టినోళ్లకే డౌటుండె, రెండ్రోజులల్ల తీసింది సూడబుద్ధి అయితదా అని. మన దేశంల ఐఎఫ్‌పీ (ఇండియా ఫిల్మ్ ప్రాజెక్ట్) వాళ్లు 2011 నుంచి చేస్తున్నరు, వాళ్లు 50 గంటలిస్తరు. ఆ రెండు గంటలు ఎందుకు ఎక్కువిచ్చిన్రని అడిగితే నేను మాత్రం బిర్యానీకే అంట.

వారాసిగూడ_వేణు:

మియా, బిర్యానీ లేదంటే మా టీమ్‌ల సగం మంది రారు. రాత్రికి పెడత, గుమ్మడికాయ కొట్టినంక.

శైలజక్కా, పోతరాజు షాట్ మాట చదివినంక రాత్రంతా అదే తిరుగుతుంది బుర్రల. చేతిల ఉండంగ వదిలేసినం.

ఎడిటింగ్ గురించి ఇంకెవరన్న చెప్తరా? మాది 8 జీబీ ల్యాప్‌టాప్, డావిన్సీ రిజాల్వ్ ఫ్రీది వాడుతున్నం, ప్లే చేస్తే ఆగి ఆగి నడుస్తది.

కట్_రెడ్డి:

ఆగి ఆగి నడవడానికి కారణం ఫోన్ ఫైల్. అది చిన్న సైజులో ఉంటుంది గానీ విప్పడానికి ప్రాసెసర్‌కి చచ్చేంత పని. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి తేలికగా నడిచే తక్కువ క్వాలిటీ కాపీలు, తయారు చేసుకోండి, షూట్ జరుగుతుండగానే లంచ్ బ్రేక్‌లో మొదటి సగం కాపీ చేసి ప్రాక్సీలకి పెట్టేస్తే రాత్రికి రెడీగా ఉంటాయి. ఎడిటర్‌ని షూట్‌లో లైట్ పట్టుకోమనొద్దు, వాడి పని వాణ్ని చేసుకోనివ్వండి.

ఇంకో గోతి ఉంది. చాలా ఫోన్లు ఫ్రేమ్‌రేటు స్థిరంగా పెట్టవు, 25 అన్నా కొంచెం అటూ ఇటూ అవుతుంటుంది, శైలజ గారు చెప్పినట్టు విడిగా సౌండ్ రికార్డ్ చేస్తే మొదట్లో సింక్ కలుస్తుంది, మూడు నిమిషాల టేక్ చివరికొచ్చేసరికి పెదాలు ముందు, మాట వెనక. అందుకే టేకులు చిన్నగా తీయండి, తేడా వస్తే హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో స్థిరంగా ఉండే (కాన్‌స్టంట్) ఫ్రేమ్‌రేటుకి మార్చి తర్వాత ఎడిట్‌లోకి తీసుకోండి.

తెలుగు టైటిల్స్ గురించి జాగ్రత్త, దీనికి నేను ఒకసారి అందరి ముందు తిట్లు తిన్నా. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్ ఇంజన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చకపోతే వత్తులు విరిగి పక్కన పడతాయి. ఎండ్ కార్డ్స్‌లో లక్ష్మి అనే పేరు ముక్కలై పడింది, ఆవిడే మాకు ఇల్లిచ్చింది, రెండు రోజులు అందరికీ వండిపెట్టింది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా మీ అందరి పేర్లూ ఇప్పుడే టైప్ చేసి చూడండి. సరిగ్గా రాకపోతే పేర్లు వేరే చోట టైప్ చేసి పీఎన్‌జీ బొమ్మలుగా తెచ్చి పెట్టుకోవడమే. ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి లాంటివి ఫ్రీగా ఉన్నాయి.

సినిమా పాట బిట్టు పెట్టకండి, చాలా పోటీల్లో హక్కుల కాగితం అడుగుతారు, యూట్యూబ్‌లో పెట్టినా క్లెయిమ్ పడుతుంది. మీలో ఎవడికైనా మౌతార్గాన్ వచ్చా? అదే ఆర్ఆర్, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్.

ఎక్స్‌పోర్ట్ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఒకటి కొట్టి దాచుకోండి, రంగులు కుదరకపోయినా, మ్యూజిక్ లేకపోయినా సరే. తర్వాత ఎంత బాగుచేసుకున్నా మీ ఇష్టం, చేతిలో ఇవ్వడానికి ఒక ఫైల్ ఉంటుంది. ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంకో మెషీన్లో ఆడించి చూడండి.

వారాసిగూడ_వేణు:

అందరికీ థ్యాంక్స్. మొన్న ఆదివారం ఒక ట్రయల్ వేసినం, ఆరు గంటలల్ల రెండు నిమిషాల ఫిల్మ్ అని. మా అమ్మ డబ్బాలకెళ్లి చిట్టీలు తీసింది, కామెడీ వచ్చింది, వస్తువు చాట.

కథ ఇద్దరమే రాసినం, గంటా నలభై పట్టింది, మిగిలిన ముగ్గురు కిందికి పోయి ఛాయ్ తాగొచ్చిన్రు, ఎవ్వడు అలగలే. ట్యూబ్‌లైట్ పట్టీలు నిజంగనే వచ్చినయి, షటర్ మార్చంగనే పోయినయి, కెమెరా అన్నకి దండం. ఫ్రిజ్‌ల తాళం పెట్టిన, అది మంచిగనే పనిచేసింది గని ఇంటికి పోయేటప్పుడు తాళం ఎక్కడ పెట్టిన్నో మర్చిపోయి పావుగంట ఎతికిన. టైటిల్స్‌ల మా ప్రద్యుమ్న పేరు రిజాల్వ్‌ల మంచిగ వస్తదా రాదా అని భయపడ్డం, పీఎన్‌జీనే పెట్టినం.

ఒక్కటి మాత్రం కుదర్లే. ఎక్స్‌పోర్ట్ 40 నిమిషాల ముందే పెడదామనుకున్నం, ఆఖరికి 11 నిమిషాల ముందు పెట్టినం. ఎడిట్ చేసేటోడు 'ఇంకొక్క కట్ అన్నా' అనుకుంట లేవడు.

కట్_రెడ్డి:

వాడు ఎప్పటికీ లేవడు, నేనూ లేవను. మూడింటికి మీరే మౌస్ లాక్కోండి.

శబ్దం_శైలజ:

ట్రయల్ లింక్ పెట్టు తమ్ముడూ, చాట చెరిగే సౌండ్ ఎలా వచ్చిందో వినాలి. నా దగ్గర ఒక కాలర్ మైక్ ఖాళీగానే ఉంది, తార్నాక వైపు వస్తే తీసుకెళ్లు, ఫెస్టివల్ అయ్యాక ఇవ్వు.

వారాసిగూడ_వేణు:

వస్త అక్కా, శనివారం. లింక్ రాత్రికి పెడత, చాట సౌండ్ మంచిగనే వచ్చింది, దాని ఎనకాల కుక్కర్ మూడు విజిల్స్ ఉన్నయి, అవి తీసెయ్యాల్నా ఉంచాల్నా మీరే చెప్పండి.